టూసాన్‌లో హావెలీనాలు: చూపినందుకు రుసుము, చెత్తకు జరిమానా

అరిజోనాలోని టూసాన్ శివార్లలో మేము దిగిన అద్దె ఇంటికి రాత్రికి 184 డాలర్లు, శుభ్రపరచినందుకు 90 డాలర్లు, "పెరట్లోకి హావెలీనాలు తప్పక వస్తాయి" అన్న హామీకి విడిగా మరో 35 డాలర్లు వసూలు చేశారు. పందుల్లా కనిపించే ఆ అడవి జంతువులు వచ్చిన మాట నిజమే. కానీ ఆ యజమాని ప్రహరీ వెంట మొక్కజొన్న గింజలు పోయించి ఉంచాడు. టూసాన్ ఉన్న పీమా కౌంటీలో వాటికి మేత వేయడం చట్టరీత్యా నేరం. ఆ రుచి మరిగిన మంద అర్ధరాత్రి చెత్తడబ్బాను పడదోసి సంచులన్నీ చించి పోయింది, అది ఎత్తించినందుకు 60 డాలర్లు మా లెక్కలోనే రాశారు. మూత బిగించుకోవలసింది మీరేనన్నారు. ఆ డబ్బాకు గొళ్ళెమే లేదు. పందులను చూడడానికి ఇంత డబ్బు తగలేస్తారా అని మా అత్తయ్యగారు మర్నాడు టిఫిన్ కూడా ముట్టలేదు.

నిజానికి ఇవి పందులు కావు, పెక్కరీ అనే వేరే కుటుంబానికి చెందినవి. మెడ చుట్టూ తెల్లని పట్టీ, ఇరవై కిలోల పైచిలుకు బరువు, వంకర లేని నిటారు కోరలు వీటి గుర్తులు.

వీటిని చూడవలసిన చోటు సగ్వారో నేషనల్ పార్కు. వాహనానికి 25 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. పొద్దు వాలే వేళ ఎండిన వాగు పక్కన ఒక మంద కనిపించింది. ఒకటి నాగజెముడు మట్టను కాలితో అదిమిపట్టి ముళ్ళతో సహా కొరికి నమిలింది; నీళ్ళు దొరకని కాలంలో వీటికి తేమ కూడా ఆ మట్టలలోనిదే. రెండు జంతువులు పక్కపక్కనే ఎదురు దిక్కులకు తిరిగి నిలబడి, ఒకదాని నడుము వెనుకనున్న వాసన గ్రంథికి మరొకటి తల రుద్దుకున్నాయి. చూపు మందమైన ఈ జీవులు తమ మందను ఆ వాసనతోనే ఆనవాలు పడతాయి. ఆ కంపుకు అత్తయ్యగారు చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారే గాని కదలమంటే కదలలేదు. గాలి మా వైపు నుంచి వాటి వైపు తిరగగానే పళ్ళు టకటకలాడించి పొదల్లోకి దూరాయి.

సమయం లేనివారు అరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియంలో చూడవచ్చు, అయితే ఉదయమే వెళ్ళాలి. ఎండెక్కితే నీడ పట్టున పడుకుంటాయి. కుక్కను మాత్రం వెంట తీసుకువెళ్ళకండి. తోడేళ్ళను పోలిన కయోటీలు వీటి పిల్లలను ఎత్తుకుపోతాయి గనుక, కుక్కను చూసినా శత్రువనుకొని మీదికి వస్తాయి.