రోరీ పట్టికలో రెండు నిలువు వరుసలు: విబ్రియో జీనోములతో చాలాకాలం పనిచేశాక

రోరీ అనేది అనేక బ్యాక్టీరియాల జీనోములను (ఒక్కో జీవి డీఎన్‌ఏ మొత్తాన్ని) పోల్చి, వాటి జన్యువులను పట్టికగా వేసే సాఫ్ట్‌వేర్. దాన్ని మెచ్చుకునేవారందరూ దాని వేగంతోనే మొదలుపెడతారు. ఆ మెప్పుకు ఆధారం లేకపోలేదు: 2015లో దాన్ని పరిచయం చేసిన వ్యాసంలోనే, ఒకే ప్రాసెసర్ మీద 1,000 జీనోములను 4.5 గంటల్లో, 13 జీబీ మెమరీతో పోల్చి చూపించారు. నేను దాన్ని ఇన్నేళ్లుగా వదలకపోవడానికి కారణం మాత్రం వేరు. ఏ జన్యువు ఏ స్ట్రెయిన్‌లో (ఒకే జాతిలోని ఉపరకంలో) ఉందో, ఎందులో లేదో చెప్పే పెద్ద పట్టికలో 'యాక్సెసరీ ఫ్రాగ్మెంట్' అనే నిలువు వరుస ఒకటి (అన్ని స్ట్రెయిన్లలోనూ లేని జన్యువుల్లో పక్కపక్కన ఉండేవాటి సమూహం ఒక ఫ్రాగ్మెంట్), ఆ ఫ్రాగ్మెంట్‌లో జన్యువు ఎన్నో స్థానంలో ఉందో తెలిపే వరుస మరొకటి ఉంటాయి. చాలామంది వాటిని చూడకుండానే స్ట్రెయిన్ల పేర్లున్న గడుల దగ్గరికి వెళ్లిపోతారు. నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్ విలువలో సగానికి పైగా ఆ రెండు వరుసల్లోనే ఉంది.

అనంతపురంలో మైక్రోబయాలజీ బోధించే నాకు సముద్రం చేరువలో లేదు. మా జిల్లా మీదుగా పారే పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడి రొయ్యల చెరువుల గురించి వినడమే గాని, అక్కడి నీటి నమూనాలతో పనిచేసే వసతి మాకు లేదు. ఉన్నదల్లా 16 జీబీ మెమరీ ఉన్న ఒక డెస్క్‌టాప్, ప్రజా డేటాబేసుల్లో ఎవరైనా దించుకోగలిగిన జీనోములు. అందుకే విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియాను ఎంచుకున్నాము. 2003లో ప్రచురితమైన దాని తొలి పూర్తి జీనోములో రెండు క్రోమోజోములు ఉన్నాయి. ఒకటి సుమారు 33 లక్షల డీఎన్‌ఏ అక్షరాలది, రెండోది సుమారు 19 లక్షలది. ఇదే జాతిలోని కొన్ని స్ట్రెయిన్లు మనుషులకు విరేచనాలు తెప్పిస్తాయి, కొన్ని రొయ్యల జీర్ణగ్రంథిని దెబ్బతీసి చెరువునే ఖాళీ చేస్తాయి, మరికొన్ని ఎవరికీ హాని చేయవు. ఈ తేడా ఎక్కడుందో వెతకడమే మా పని.

రొయ్యలను చంపే స్ట్రెయిన్ల రహస్యం ఇప్పటికే తెలిసినదే. సుమారు 70 వేల అక్షరాల ప్లాస్మిడ్ (క్రోమోజోములకు వెలుపల ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) ఒకటి వాటిలో ఉంటుంది. దాని మీద పక్కపక్కనే ఉన్న పిర్‌ఏ, పిర్‌బి అనే రెండు జన్యువులు విషాన్ని తయారుచేస్తాయి. తెలిసిన జవాబును రోరీ తనంతట తాను చూపగలదా అని పరీక్షించడానికి, ఆ పేర్లు చెప్పకుండా ఒక జీనోముల గుంపును విద్యార్థులకు ఇచ్చాను. జన్యువులను గుర్తించి పేర్లు పెట్టే ప్రొక్కా అనే సాఫ్ట్‌వేర్‌తో మేము చేసిన అనోటేషన్‌లో ఆ రెండు జన్యువులకూ పేరు రాలేదు. రెండింటికీ 'హైపోథెటికల్ ప్రోటీన్' (పని తెలియని ప్రోటీన్) అనే ముద్రే పడింది. పట్టికలో అలాంటి అనామక జన్యువుల గుంపులు (వేర్వేరు స్ట్రెయిన్లలోని ఒకే జన్యువు ప్రతులన్నీ ఒక గుంపు) వందల్లో ఉంటాయి కనుక, కేవలం ఉంది, లేదు అన్న గడులను బట్టి వీటిని ఏరడం దాదాపు అసాధ్యం. అయితే ఒక విద్యార్థిని పట్టికను ఫ్రాగ్మెంట్ సంఖ్య ప్రకారం, తర్వాత స్థానం ప్రకారం సర్దగానే, పేరులేని ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలిచాయి. వాటికి అటూ ఇటూ ట్రాన్స్‌పోజేజ్ జన్యువులు (డీఎన్‌ఏ ముక్కలను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చేవి), ఇంకాస్త దూరంలో ప్లాస్మిడ్ ఒక కణం నుంచి మరో కణానికి వెళ్లడానికి తోడ్పడే జన్యువులు కనిపించాయి. "సార్, ఇవన్నీ కలిసే వచ్చినట్టున్నాయి" అని ఆమె చెప్పినప్పటికి ఇంకా ఏ జన్యువు డీఎన్‌ఏ వరుసనూ డేటాబేసుతో పోల్చి చూడలేదు. జన్యువు పేరు తెలియకపోయినా దాని ఇరుగుపొరుగును బట్టి దాన్ని గుర్తుపట్టవచ్చని ఇంత స్పష్టంగా చూపిన పట్టిక నాకు మరొకటి ఎదురుకాలేదు.

ఆ సంతోషం తర్వాతి గుంపుతో కొంత తగ్గింది. ఈసారి తీసుకున్నవన్నీ చిన్న రీడ్లతో (యంత్రం ఒక్కో విడత చదివిన డీఎన్‌ఏ ముక్కలతో) కూర్చిన అసంపూర్ణ జీనోములు. ఒక్కొక్కటీ పదుల, వందల కాంటిగ్‌లుగా (రీడ్లను కూర్చగా వచ్చిన విడి ముక్కలుగా) ఉంది. విష జన్యువులకు రెండు వైపులా ఉన్న ట్రాన్స్‌పోజేజ్ భాగాలు ఒకేలా ఉంటాయి. చిన్న రీడ్లు అలాంటి పునరావృతాన్ని దాటలేవు కనుక, సరిగ్గా అక్కడే కాంటిగ్ తెగిపోతుంది. ఫలితంగా ఆ రెండు జన్యువులు ప్లాస్మిడ్‌తో సంబంధం లేనట్టు చిన్న ఫ్రాగ్మెంట్‌గా విడిపోయాయి. నేను ఇంతగా నమ్ముకున్న వరుస అవసరమైన చోటే మౌనం వహించింది. అంతటితో ఆగలేదు. కాంటిగ్ చివర తెగిన జన్యువుల సగాలు కొన్ని విడి గుంపులుగా లెక్కకెక్కి, 'ఈ స్ట్రెయిన్‌లో మాత్రమే ఉన్న జన్యువులు' అన్న సంఖ్యను పెంచేశాయి. పట్టికలోనే ఉన్న కనిష్ఠ, గరిష్ఠ పొడవుల వరుసలు అప్పుడు కొంత ఆదుకున్నాయి: పిర్‌బి పూర్తి పొడవు 1,317 అక్షరాలు కాగా, ఒక గుంపులో కనిష్ఠం అందులో సగం కూడా లేకపోతే అక్కడ ఏదో తెగిందని అర్థం. మొదటి గుంపులో పొడవైన రీడ్లతో పూర్తిచేసిన జీనోము ఒకటి ఉండటం వల్లనే ఆ రెండు వరుసలు అంత చక్కగా మాట్లాడాయని, ఆ ఒక్కదాన్ని రెండో గుంపులో కలిపి మళ్లీ నడిపించాక తేలింది. విడిపోయిన జన్యువులు తిరిగి తమ పొరుగువారి దగ్గరికి చేరాయి.

వేగం విషయానికి మళ్లీ వస్తే, డేటాబేసు నుంచి దించిన, జన్యువుల స్థానాలను తెలిపే జీఎఫ్ఎఫ్ ఫైళ్లలో డీఎన్‌ఏ వరుస కలిసి ఉండదు కనుక రోరీ వాటిని నేరుగా తీసుకోదు. మేము అన్నింటినీ ప్రొక్కాతో మళ్లీ అనోటేట్ చేయవలసి వచ్చింది, మా యంత్రం మీద అసలు సమయమంతా అక్కడే పోతుంది. కోర్ జన్యువుల (దాదాపు అన్ని స్ట్రెయిన్లలోనూ ఉన్నవాటి) అలైన్‌మెంట్, అంటే వాటి అక్షరాలను ఎదురెదురుగా సర్దిన పోలిక, కూడా కావాలంటే మాఫ్ట్ అనే ప్రోగ్రామును ఎంచుకోవడం మంచిది. ఏమీ చెప్పకపోతే రోరీ వాడే ప్రాంక్ అనే ప్రోగ్రాము చాలా నెమ్మది. పైగా జన్యువులను ఒకే గుంపులో చేర్చడానికి రోరీ మామూలుగా వాటి ప్రోటీన్ల మధ్య 95 శాతం పోలికను కోరుతుంది. ఇదే ప్లాస్మిడ్‌ను మోసే విబ్రియో క్యాంప్‌బెల్లీ అనే మరో జాతి స్ట్రెయిన్లను పక్కన చేర్చగానే కోర్ జన్యువుల సంఖ్య పడిపోయింది. అది సాధనం లోపం కాదు. దాన్ని తయారుచేసినది ఒకే జాతి లోపలి పోలికల కోసం.

అసంపూర్ణ జీనోములే దిక్కైనవారికి, తెగిన జన్యువులను పొరుగు ఆధారంగా సరిచేసే పనారూను నేను సూచిస్తాను. 2020లో వచ్చిన ఆ సాధనంతోనే ఇప్పుడు మా పరిశోధక విద్యార్థులు సిద్ధాంత గ్రంథంలోకి వెళ్లే సంఖ్యలను లెక్కిస్తున్నారు. రోరీ మాత్రం మా తరగతి గదిలో కొనసాగుతుంది. మాలాగా ఒకే జాతి, కొద్దిపాటి జీనోములు, వాటిలో కనీసం ఒకటి పూర్తిగా ఉన్నది, స్ప్రెడ్‌షీట్ ముందు ఓపికగా కూర్చోగల విద్యార్థులు ఉన్నచోట ఈ సలహా సరిపోతుంది. వందల స్ట్రెయిన్లతో, పెద్ద సర్వర్లతో పనిచేసేవారికి ఆ రెండు వరుసలను కంటితో చదివే తీరిక ఉంటుందో లేదో వారే చెప్పాలి.