గుంటూరు శివారు బడిలో ఆరు బుట్టల డిస్క్ గోల్ఫ్

గుంటూరు ఊరి చివర ఒక ఉన్నత పాఠశాల ఆవరణలో డిస్క్ గోల్ఫ్ ఆడేందుకు ఆరు బుట్టలు నిలబెట్టారని మా బావమరిది ఫోన్లో చెప్పినప్పుడు నేను వెంటనే నమ్మలేదు. అమెరికాలో మా అన్నయ్య ఇంట్లో ఉన్న మూడు నెలల్లో ఈ ఆట నేర్చుకున్నాను గాని, ఇక్కడికి తిరిగి వచ్చాక డిస్కులు బీరువా పైనే ఉండిపోయాయి. బడికి సెలవు ఉండాలి కాబట్టి ఫిబ్రవరి రెండో శనివారం, ఆ మర్నాటి ఆదివారం చూసుకుని రాజమండ్రి నుంచి బయలుదేరాను. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. పిల్లల మైదానానికి బయటివారి తాకిడి పెరగకూడదని ప్రధానోపాధ్యాయులు కోరారు, అది సబబైన కోరిక.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. గోల్ఫులో బంతిని గుంటలో వేసినట్టే, ఇందులో డిస్కును, అంటే గాలిలో తేలే ప్లాస్టిక్ పళ్లెం లాంటి దాన్ని, వీలైనన్ని తక్కువ విసుర్లలో గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేయాలి. డిస్కు ఎక్కడ ఆగితే తరవాతి విసురు అక్కడి నుంచే. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో ఎడ్ హెడ్రిక్ తొలి శాశ్వత మైదానాన్ని ఏర్పాటు చేశాడు. అప్పట్లో స్తంభాలే గురి. స్తంభానికి డిస్కు తగిలిందా లేదా అన్న తగవు తీరడానికి గొలుసుల బుట్టను రూపొందించింది కూడా ఆయనే. గొలుసుల పని డిస్కు వేగాన్ని మింగి దాన్ని కింది బుట్టలో పడేయడం. ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఈ బడిలో గొలుసులే అసలు విశేషం.

సింహాద్రి ఎక్స్‌ప్రెస్ నన్ను గుంటూరులో దించింది. ప్రయాణం గురించి చెప్పుకోదగ్గది లేదు. బస గురించి మాత్రం చెప్పాలి. మాఘమాసపు ముహూర్తాలు, మిర్చి యార్డుకు సరుకు వచ్చే రోజులు ఒకేసారి పడటంతో లాడ్జీలన్నీ కిటకిటలాడుతున్నాయి. ముందుగా ఫోన్లో మాట్లాడుకున్న ఒక లాడ్జీలో నా గది పెళ్లివారికి ఇచ్చేశామని చెప్పి, లిఫ్టు పక్కన కిటికీ లేని గది చూపించారు. బ్రాడీపేటలో మరో చిన్న లాడ్జీలో పద్నాలుగు వందలకు శుభ్రమైన దుప్పట్లు, వేడినీళ్లు, ఉదయం ఐదున్నరకే తలుపు తీసే కాపలాదారు దొరికారు. ఈ ఆటకు వచ్చేవారికి ఆ చివరిదే ముఖ్యం. మధ్యాహ్నమైతే గాలి లేస్తుంది, ఎండ ముదురుతుంది, అందుకని తెల్లవారకముందే గది వదలాలి. విజయవాడలో దిగితే లాడ్జీల ఎంపిక ఎక్కువే గాని, అక్కడి నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లు రావాలి కనుక చల్లని గంట కాస్తా దారిలోనే పోతుంది. ఆటో అతను వెయిటింగుతో కలిపి మూడు వందలు అడిగాడు, ఇచ్చాను. రెండో రోజు చెప్పిన సమయానికంటే పది నిమిషాలు ముందే వచ్చి నిలబడ్డాడు.

బుట్టలు తయారు చేయించినది ఆ బడి వ్యాయామ ఉపాధ్యాయుడు. పిల్లలందరూ ఆయన్ని పీఈటీ సారు అంటారు. మొదటి బుట్టకు పాత సైకిల్ చైన్లు వేలాడదీశారట. సైకిల్ చైను ఒకే వైపుకు మడుస్తుంది, పక్కలకు ఊగదు, పైగా గ్రీజు అంటుతుంది. డిస్కు దానికి తగిలి గోడకు తగిలినట్టు వెనక్కి వచ్చేది. తరవాత పశువులను కట్టే గొలుసులు కొని, లావు పైపుకు పైన ఒక చక్రం, కింద ఒక చువ్వల బుట్ట వెల్డింగు చేయించి, చక్రం చుట్టూ పన్నెండు వరసలు దిగవిడిచారు. నేను దగ్గరగా వెళ్లి చూశాను. ఒక్కో వరస చివర కొక్కెంతో నడిమి పైపుకు వదులుగా కట్టి ఉంది, వేలితో నెడితే గొలుసు లోపలికి వంగి మెల్లగా వెనక్కి వస్తుంది. ఆ వదులే డిస్కును పట్టేది. మూడో బుట్టకు మాత్రం వరసల మధ్య సందు ఎక్కువై నా డిస్కు రెండుసార్లు అవతలికి దూరిపోయింది. ఆ మాట చెబితే పీఈటీ సారు కాగితం తీసి రాసుకున్నారు.

ఇక మైదానం. ఆరింటిలో అతి పొడవైనది నా అడుగుల లెక్కన డెబ్బై అయిదు మీటర్లు, పొట్టిది ముప్పై రెండు. అన్నీ మూడు విసుర్ల పార్, అంటే మూడు విసుర్లలో ముగించాలన్న లెక్క. ఈ దూరాలు చూసి ఇది చిన్నపిల్లల ఆట అనుకునేవారు నా ఉద్దేశంలో పొరబడుతున్నారు. మొదటిది జెండా దిమ్మె నుంచి సూటిగా ఉంటుంది, దాని గురించి చెప్పడానికేమీ లేదు. అయిదోది క్రికెట్ పిచ్ మీదుగా సాగే బయలు. రెండోది ప్రహరీ వెంట అశోక చెట్ల వరసకూ గోడకూ మధ్య నాలుగు మీటర్ల సందులో సాగుతుంది. కుడిచేతిని ఛాతీకి అడ్డంగా వెనక్కి లాగి విసిరే నాబోటి వాడి డిస్కు వేగం తగ్గాక ఎడమకు మళ్లుతుంది, ఆ ఎడమ పక్కనే గోడ ఉంది. డిస్కు మీద ముద్రించే నాలుగు అంకెల్లో, అంటే వేగం, తేలే గుణం, మొదట ఒరిగే గుణం, చివర మళ్లే గుణంలో, నాలుగోది ఎంత చిన్నదైతే ఇక్కడ అంత మేలు. నేను దూరం విసరడానికి వాడే డ్రైవర్ అనే డిస్కు తీశాను. అది గోడ దాటి మిరప చేలో పడింది.

చేలో కాయ కోసే రోజులు. గట్టు మీద నిలబడి, లోపలికి రావచ్చా అని రైతును అడిగాను. "సాలు మధ్యనే నడువు బాబూ, కాయ రాలుతుంది," అన్నారు పెద్దాయన. తరవాత తానే వంగి డిస్కు తీసి, పంచెకు తుడిచి ఇచ్చారు. గోడ దాటితే ఒక విసురు జరిమానా అన్నది ఆట నియమం. ఆ చేను కష్టం చూశాక నేను డ్రైవర్‌ను సంచిలో పెట్టేసి, రెండు రోజులూ బుట్ట దగ్గర్లో వాడే నెమ్మది డిస్కు, అంటే పటర్‌తోనే ఆడాను.

నాలుగోది వంటషెడ్డు కుడి పక్క నుంచే పోవాలని ముగ్గుపిండితో బాణం గీశారు. పిల్లలు భోజనానికి వరసలో నిలబడే చోటు అది. బడి నడిచే రోజుల్లో ఆ బుట్టకు గోనెసంచి తొడిగి మూసేస్తారు. బడి ఆవరణలో ఇలాంటి ఆట పెట్టేవారు ముందుగా చూసుకోవలసింది ఇదే. నూట డెబ్బై గ్రాముల గట్టి డిస్కు తలకు తగిలితే ప్రమాదం. దారిలో ఎవరైనా ఉంటే విసరకూడదని, విసిరే ముందు "వస్తోంది" అని అరవాలని అక్కడి పిల్లలకు అలవాటు చేశారు. అంత జాగ్రత్త పెద్దల మైదానాల్లో కూడా నేను చూడలేదు.

నేలది నల్లరేగడి. ఫిబ్రవరికే బీటలు మొదలయ్యాయి. నేలబారుగా వచ్చిన డిస్కు బీట అంచు తగిలి నిలబడి, చక్రంలా దొర్లి పోతుంది. మొదటి రోజు ఆరో బుట్టకు రెండు అడుగుల దూరంలో ఆగవలసిన నా డిస్కు అలా దొర్లి స్టేజీ కిందికి పోయింది. బావమరిది మోకాళ్ల మీద పాకి తీశాడు. "బావా, దీన్ని కొంచెం పైకి లేపి విసిరితే బల్లపరుపుగా పడదూ?" అన్నాడు. ఆట తెలియనివాడు చెప్పిన మాటే అయినా నిజం. ఆ తరవాత ముక్కు కాస్త ఎత్తి నెమ్మదిగా విసరడం మొదలుపెట్టాను, రెండో రోజు మూడు చుట్లలో అయిదు విసుర్లు తగ్గాయి.

వసతులంటారా, తాగునీటి కుళాయి ఉంది, నీళ్లు బాగున్నాయి. మరుగుదొడ్లకు సెలవు రోజున తాళం వేస్తారు, వాచ్‌మన్‌ను అడిగితే తీస్తారు. వేపచెట్టు కింద ఉన్న ఒక్క సిమెంటు బల్ల తప్ప కూర్చునే చోటు లేదు. రుసుమేమీ లేదు గాని, ముందు రోజే ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోవాలి. తొమ్మిదిన్నర దాటాక నీడ మిగలదు. విజయవాడ వాళ్లయితే తెల్లవారుజామున బండి మీద వచ్చి భోజనాల వేళకు ఇల్లు చేరవచ్చు. ఈ ఒక్క ఆట కోసం రాజమండ్రి నుంచి రావచ్చా అంటే, డిస్కులు ఉండి, చోటు లేక ఆగినవారు తప్పకుండా రావాలని చెబుతాను.

ఆదివారం మాతో పాటు నలుగురు తొమ్మిదో తరగతి పిల్లలు ఆడారు. వాళ్ల దగ్గర ఉన్నవి రెండే డిస్కులు, ఒకదాని అంచు పగిలి టేపు చుట్టి ఉంది. అందులో ఎడమచేతి వాటం అమ్మాయి ఒకతె రెండో బుట్టను నాకంటే తేలిగ్గా వేసింది. ఆమె విసిరిన డిస్కు గోడకు దూరంగా, చెట్ల వైపు మళ్లుతుంది కదా. బయలుదేరే ముందు నా పటర్లు రెండు అక్కడే ఇచ్చేశాను. పీఈటీ సారు ఆఫీసు గది తలుపు తీయించి, ఆటవస్తువుల స్టాకు రిజిస్టరులో "డిస్కులు, రెండు, నీలం" అని ఎక్కించి, పక్కన నా చేత సంతకం చేయించుకున్నారు.