ఏది మేలు? హాడ్జ్‌కిన్-హక్స్‌లీ సమీకరణాలా, మార్కోవ్ స్థితులా?

అనంతపురంలోనో కర్నూల్లోనో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకని అయాన్ ఛానెళ్ల (కణపు పొరలో సోడియం, పొటాషియం లాంటి అయాన్లను పోనిచ్చే సన్నని ద్వారాల) మోడలింగ్ తీసుకున్నవాళ్లకు మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. సుంకేసుల నుంచి కడప దాకా పారే కె.సి. కాలువను తలుచుకోండి. కాలువలో మొత్తం ఎంత నీరు పోతోందో లెక్క కట్టడం ఒక పద్ధతి. ఒక్కో తూము దగ్గర నిలబడి తలుపు ఎత్తి ఉందా, దించి ఉందా, ఇరుక్కుపోయిందా అని రాసుకోవడం ఇంకో పద్ధతి. మొదటిది హాడ్జ్‌కిన్-హక్స్‌లీ, రెండోది మార్కోవ్.

1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నాడీతంతువు మీద కొలిచిన కరెంటుతో ఈ సమీకరణాలు రాశారు. ఒక్క ఛానెల్ కరెంటును విడిగా పట్టి చూపిన నేహర్, సక్‌మాన్‌ల ప్యాచ్ క్లాంప్ వచ్చింది 1976లో. అంటే ఛానెల్‌ను చూడకుండానే రాసిన లెక్క ఇది, ఇప్పటికీ నిలిచే ఉంది. వోల్టేజికి ఒక సమీకరణం, సోడియం ఛానెల్‌ను తెరిచే ఎం, దాన్ని నిష్క్రియం చేసే హెచ్, పొటాషియం ఛానెల్‌ను తెరిచే ఎన్ అనే గేట్లకు మూడు, అంతే. గరిష్ఠ వాహకతలు చదరపు సెంటీమీటరుకు సోడియానికి 120, పొటాషియానికి 36, లీకుకు 0.3 మిల్లీసీమెన్లు. రివర్సల్ పొటెన్షియళ్లు, అంటే ఆ కరెంటు దిక్కు మారే వోల్టేజీలు, అదే వరుసలో 50, మైనస్ 77, మైనస్ 54.4 మిల్లీవోల్టులు. కెపాసిటెన్స్ చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఫారడ్. కణం విశ్రాంతిగా ఉండే మైనస్ 65 మిల్లీవోల్టుల దగ్గర ఎం 0.053, హెచ్ 0.596, ఎన్ 0.318తో మొదలుపెట్టాలి. సున్నాలతో మొదలుపెడితే తొలి మిల్లీసెకన్లలో వచ్చే కరెంటంతా కల్తీయే.

ఈ చిన్న మోడల్‌లోనూ రెండు చోట్ల కాలు జారుతుంది. గేటు తెరుచుకునే రేటును ఆల్ఫా, మూసుకునే రేటును బీటా అంటారు. ఆల్ఫా-ఎం సూత్రం మైనస్ 40 దగ్గర, ఆల్ఫా-ఎన్ సూత్రం మైనస్ 55 దగ్గర సున్నా బై సున్నా అవుతాయి. వోల్టేజిని ఒక విలువ దగ్గర కట్టిపెట్టి కరెంటు కొలిచే వోల్టేజ్ క్లాంప్‌లో అందరూ పెట్టేవి ఇలాంటి గుండు అంకెలే కాబట్టి ప్రోగ్రాం సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. ఆ బిందువుల దగ్గర 1, 0.1 అనే అవధి విలువలను కోడ్‌లో విడిగా రాసుకోవాలి. రెండోది ఉష్ణోగ్రత. ఈ విలువలు 6.3 డిగ్రీల సెల్సియస్‌వి. ప్రతి 10 డిగ్రీలకు గేట్ల వేగం మూడింతలవుతుంది, 36.3 దగ్గర 27 రెట్లు. రాయలసీమ ఎండ లెక్కన గది ఉష్ణోగ్రత వేసేస్తే స్పైక్ (నాడిలో క్షణంపాటు ఎగిసే వోల్టేజి) కుంచించుకుపోతుంది. దానికి తోడు ప్లస్ 50 మిల్లీవోల్టుల దగ్గర ఎం గేటు కాలస్థిరాంకం 0.11 నుంచి 0.004 మిల్లీసెకన్లకు పడిపోతుంది. 0.01 మిల్లీసెకను అడుగుతో ఆయిలర్ పద్ధతి (ప్రస్తుత వాలును బట్టి తర్వాతి విలువను అంచనా వేసే పద్ధతి) నడిపేవాళ్లకు అక్కడ అంకెలు అదుపు తప్పుతాయి. గేట్ల వరకు ప్రతి అడుగులోనూ ఘాతాంక సూత్రంతో విలువ తేల్చే 1978 నాటి రష్-లార్సెన్ పద్ధతి వాడితే ఈ బాధ ఉండదు.

మార్కోవ్ మోడల్‌లో ఛానెల్‌కు మూసి, తెరిచి, నిష్క్రియం అంటూ పేరున్న స్థితులుంటాయి. నిజానికి హాడ్జ్‌కిన్-హక్స్‌లీ దీనిలో ఒక ప్రత్యేక సందర్భమే. పొటాషియం ఛానెల్‌లో నాలుగు ఎన్ గేట్లు, అంటే ఎన్ నాలుగో ఘాతం, అయిదు స్థితుల గొలుసు అవుతుంది; సోడియం గేట్లు (మూడు ఎం, ఒక హెచ్) ఎనిమిది స్థితుల గడి. తేడా ఎక్కడొస్తుందంటే, ఎం, హెచ్ ఒకదాని మాట ఒకటి పట్టించుకోవని హాడ్జ్‌కిన్-హక్స్‌లీ అనుకుంటుంది. ఛానెల్ తెరుచుకోవడానికీ నిష్క్రియం కావడానికీ లంకె ఉందని 1977లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజనిల్లా చూపారు. లిడోకెయిన్ లాంటి మత్తుమందు మూసిన ఛానెల్ కంటే తెరిచిన, నిష్క్రియమైన ఛానెళ్లకు గట్టిగా అంటుకుంటుంది. ఆ మందును హాడ్జ్‌కిన్-హక్స్‌లీలో పెట్టడానికి సరైన చోటే లేదు. గుండె సోడియం ఛానెల్ మ్యుటేషన్‌ను 1999లో క్లాన్సీ, రూడీ మార్కోవ్‌తో లెక్కకట్టింది కూడా ఇందుకే.

కానీ ఖరీదు చూడండి. ఎనిమిది స్థితుల మధ్య 10 లంకెలు, రెండు దిక్కులా 20 రేట్లు, ఒక్కోదానికి రెండేసి పరామితులు వేసినా 40. స్థూల కరెంటు గీతలు నాలుగైదు చేతిలో పెట్టుకుని 40 పరామితులు తేల్చలేం. వేర్వేరు సమాధానాలు ఒకే గీతకు చక్కగా సరిపోతాయి. పైగా గడిలో ప్రతి చుట్టుకూ కుడివైపు తిరిగే రేట్ల లబ్ధం, ఎడమవైపు తిరిగే రేట్ల లబ్ధం సమానంగా ఉండాలి. ఫిట్టింగ్‌లో ఆ షరతు మరిస్తే శక్తి ఖర్చు లేకుండానే ఛానెల్ చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

మార్కోవ్ అనగానే యాదృచ్ఛికం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ స్థితులను మామూలు అవకలన సమీకరణాలుగానూ నడపొచ్చు. యాదృచ్ఛికత కావాలో వద్దో తేల్చేది ఛానెళ్ల సంఖ్య. ఒక పొటాషియం ఛానెల్ వాహకత 20 పికోసీమెన్లు అనుకుంటే చదరపు సెంటీమీటరుకు 36 మిల్లీసీమెన్లు రావాలంటే చదరపు మైక్రోమీటరుకు 18 ఛానెళ్లు పడతాయి. సగం తెరిచినప్పుడు ఆ 18లో సగటు 9, అటూ ఇటూ ఊగేది 2.1, అంటే 24 శాతం. అదే 1000 చదరపు మైక్రోమీటర్లకు ఊపు 0.75 శాతమే. సన్నని నాడీతంతువుకు గిలెస్పీ పద్ధతి (ఒక్కో స్థితి మార్పు ఎప్పుడు జరుగుతుందో యాదృచ్ఛికంగా తేల్చే పద్ధతి) తప్పదు, పెద్ద కణానికి దండగ. వోల్టేజి స్థిరంగా లేకపోతే గిలెస్పీ నిరీక్షణ కాలాల మధ్యలోనే రేట్లు మారిపోతాయి కాబట్టి అడుగుకు పైహద్దు పెట్టాలి.

మొదట హాడ్జ్‌కిన్-హక్స్‌లీ కట్టండి. మీ ప్రశ్నలోనే ఒక స్థితి పేరు ఉంటే, అంటే మందో మ్యుటేషనో ఉంటే, అప్పుడు మార్కోవ్‌కు వెళ్లండి. వెళ్లినప్పుడు ముందు అదే పొటాషియం ఛానెల్‌ను అయిదు స్థితులుగా రాసి రెండు గీతలూ ఒకదానిపై ఒకటి పడుతున్నాయా చూడండి. తెరుచుకునే వైపు రేట్లు ఆల్ఫాకు 4, 3, 2, 1 రెట్లు, మూసుకునే వైపు బీటాకు 1, 2, 3, 4 రెట్లు. మైనస్ 65 దగ్గర పూర్తిగా మూసిన స్థితి నుంచి తెరిచిన స్థితి దాకా తొలి వాటాలు 0.217, 0.404, 0.282, 0.087, 0.010. గీతలు విడిపోతే ముందు ఆ గుణకాల వరుస చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.