లండన్‌లో గిల్రే బొమ్మల వెంట

రాజులనీ మంత్రులనీ వెక్కిరిస్తూ రెండు వందల ఏళ్ల కిందట అచ్చువేసిన బ్రిటిష్ వ్యంగ్య చిత్రాలు చూడాలంటే లండన్‌లో ఎక్కడికెళ్లాలి? గూగుల్ని అడిగితే వెల్స్ స్ట్రీట్‌లోని కార్టూన్ మ్యూజియం పేరు చెబుతుంది. వెళ్లొచ్చు, తప్పు లేదు. చిన్న చోటు, టికెట్టు ఉంది, గంటలో అయిపోతుంది. పిల్లలు వెంట ఉంటే కామిక్స్ చూసి సరదా పడతారు. కానీ పాత బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లకి అక్కడ ఆకలి తీరదు. నా ఓటు బ్రిటిష్ మ్యూజియానికే. అదీ జనం తోసుకుంటూ తిరిగే గ్యాలరీలకి కాదు, అచ్చుబొమ్మల స్టడీ రూముకి.

ప్రవేశం ఉచితం. ముందే ఈమెయిలు పెట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఏ బొమ్మలు చూడాలో మ్యూజియం వెబ్‌సైటులో వెతికి, వాటి నంబర్లు రాసి పంపితే పని తేలిక. డొరోతీ జార్జ్ అనే ఆవిడ ఏళ్ల తరబడి కూర్చుని ఒక్కో బొమ్మలో ఎవరున్నారు, ఎందుకున్నారు అని రాసిపెట్టిన క్యాటలాగు వివరాలే ఇప్పటికీ వెబ్‌సైటులో కనిపిస్తాయి. నేను పరిశోధకుణ్ణి కాదు, ఏ యూనివర్సిటీ ఉత్తరమూ లేదు. అయినా అక్కడి సిబ్బంది మర్యాదకి లోటు చేయలేదు. పెన్ను లోపలే పెట్టుకోమని చెప్పి, పెన్సిలు వాడుకోమన్నారు.

ఆ కాలపు వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ గిల్రే 1792 జులైలో వేసిన జంట బొమ్మలు అడిగాను. మొదటిదాంట్లో యువరాజు, తర్వాతి కాలపు నాలుగో జార్జి. కడుపు నిండా తిని కుర్చీలో వెనక్కి వాలి, ఫోర్కుతో పళ్లు కుట్టుకుంటున్నాడు. పొట్ట మీద వెయిస్టుకోటు గుండీ తెగడానికి సిద్ధంగా ఉంది. కుర్చీ కింద ఖాళీ వైన్ సీసాలు. వెనకాల కట్టని బిల్లులు ఎగిరిపోకుండా బరువుగా పెట్టింది ఏమిటనుకున్నారు? నిండుగా ఉన్న మూత్రపు కుండ! రెండోదాంట్లో తండ్రి మూడో జార్జి ఉడకబెట్టిన గుడ్డు తింటున్నాడు. లాగుకి అతుకులు, కుర్చీ మాసిపోకుండా గుడ్డ, పొయ్యిలో నిప్పు బదులు పూలూ ఆకులూ. దేశాన్నేలే రాజు పిసినారితనం ఒకవైపు, కొడుకు దుబారా ఒకవైపు. బొమ్మ చెక్కిన రాగి పలక నొక్కిన గుర్తు కాగితం మీద లోతుగా తెలుస్తుంది. రంగులు చేత్తో అద్దినవి కాబట్టి అదే బొమ్మకి ఇంకో ప్రతి చూస్తే కోటు రంగే వేరుగా ఉండొచ్చు. ఫోన్లో ఎన్నిసార్లు పెద్దది చేసి చూసినా ఇది దొరకదు.

తెలుగువాళ్లు తప్పక అడిగి చూడాల్సిన బొమ్మ మరొకటుంది. 1783లో గిల్రే వేసిందే, సర్ థామస్ రంబోల్డ్ మీద. బంగారు నాణేలు కక్కుకుంటూ ఉంటాడు. ఈయన 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చి, ఉత్తర సర్కారుల జమీందార్లని శిస్తు తేల్చుకోవడానికి మద్రాసు రమ్మన్నవాడు. విజయనగరం సీతారామరాజు వ్యవహారంలో డబ్బు చేతులు మారిందనీ, గుంటూరు సర్కారు విషయంలో నిజాంతో తగవు తెచ్చాడనీ లండన్‌లో పెద్ద గొడవే అయింది. పార్లమెంటులో డండాస్ అనే సభ్యుడు ఇతన్ని శిక్షించాలని బిల్లు పెట్టాడు, చివరికి అది నీరుగారిపోయింది. మన జిల్లాల శిస్తు సొమ్ము లండన్ బొమ్మల కొట్టు కిటికీలో నవ్వులాటకి వేలాడిందన్నమాట. నాకు మాత్రం నవ్వు అంత సులువుగా రాలేదు.

ఈ బొమ్మల అడుగున అచ్చు తేదీ, ప్రచురణకర్త పేరు, దుకాణం చిరునామా ఉంటాయి. గిల్రేకి ముందు తరం చిత్రకారుడు హోగార్త్ పట్టుబట్టి తెప్పించిన 1735 నాటి కాపీరైటు చట్టం కింద తేదీ, పేరు చెక్కాల్సిందే. ఆ చిరునామాలు పట్టుకుని తిరగడం నాకు బాగా నచ్చింది. గిల్రే మకాం సెయింట్ జేమ్స్ స్ట్రీట్ 27, అతని బొమ్మలు అచ్చువేసి అమ్మిన హన్నా హంఫ్రీ దుకాణం పైన. ఇప్పుడక్కడ చూడ్డానికేం లేదు, డబ్బున్నవాళ్ల కొట్లు. దగ్గర్లోనే పికడిల్లీలో సెయింట్ జేమ్స్ చర్చి, అక్కడే అతన్ని పూడ్చిపెట్టారు. నెపోలియన్‌ని బుడతడిగా గీసి ప్రపంచమంతా నమ్మించిన మనిషి, వాటర్లూ యుద్ధానికి పదిహేడు రోజుల ముందు, 1815 జూన్ 1న మతి చెడి చనిపోయాడు. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ భవనం ఉన్న లెడెన్‌హాల్ స్ట్రీట్‌లో ఇప్పుడు లాయిడ్స్ బీమా వారి ఉక్కు గొట్టాల భవంతి. 1783లో జేమ్స్ సేయర్స్ అనే ఇంకో వ్యంగ్య చిత్రకారుడు తన బొమ్మలో, అప్పటి మంత్రి ఫాక్స్ దొరకి తలపాగా చుట్టి ఏనుగెక్కించి ఊరేగించింది ఈ వీధిలోకే. ఫొటో తీసుకుని పక్కనున్న మార్కెట్లో కాఫీ తాగి వచ్చేయండి, అంతకంటే సమయం పెట్టక్కర్లేదు.

సర్ జాన్ సోన్ మ్యూజియం కూడా ఉచితమే. సోమ, మంగళవారాలు సెలవు. అక్కడ హోగార్త్ ఎన్నికల మీద వేసిన నాలుగు నూనె రంగుల చిత్రాలున్నాయి. చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి మోసుకొచ్చి ఓటేయిస్తుంటారు. మనవాళ్లకి వ్యాఖ్యానం అక్కర్లేదు. చిజిక్‌లో హోగార్త్ ఇల్లు కూడా చూశాను. పెరట్లో ముసలి మల్బరీ చెట్టు, గోడ అవతల హైవే హోరు. రోజులు తక్కువుంటే దీన్ని వదిలేయొచ్చు, సోన్ మ్యూజియాన్ని మాత్రం వదలొద్దు.

బస సంగతి. కింగ్స్ క్రాస్ దగ్గర ఒక హోటల్లో దిగాను. మంచం వేశాక మిగిలిన చోటు పెట్టెకే చాలలేదు, లిఫ్టు పాడు, అడిగితే భుజాలెగరేశారు. ఈస్ట్ హామ్‌లో ఒక తెలుగు కుటుంబం అద్దెకిచ్చే గదికి మారాక ప్రాణం కుదుటపడింది. ఊరికి కాస్త దూరమే కానీ, డిస్ట్రిక్ట్ లైను ఎక్కితే లెడెన్‌హాల్‌కి మాన్యుమెంట్, హోగార్త్ ఇంటికి టర్న్‌హామ్ గ్రీన్, రెండూ మారకుండా వెళ్లొచ్చు. రాత్రి దోశ దొరకడం అదనం.

బొమ్మ కొనాలనుకుంటే ఒక మాట. పాత ప్రింట్ల కొట్లలో గిల్రే చవగ్గా కనబడితే కాగితం తిప్పి చూడండి. వెనకాల ఇంకో బొమ్మ అచ్చయి ఉంటే అది అతని రోజుల్లోది కాదు, పాత పలకలతోనే బోన్ అనే ప్రచురణకర్త 1850 ప్రాంతాల్లో మళ్లీ వేసిన సెట్టులోది. పలక అసలుదే, చెక్కింది గిల్రేనే, రంగు మాత్రం ఉండదు. నా జేబుకి అందింది అదే. ముందు ఆనాటి ప్రధాని పిట్, వెనకాల అతని ప్రత్యర్థి ఫాక్స్. ఏ వైపు కనబడేలా ఫ్రేము కట్టించాలని ఇంట్లో ఇంకా పంచాయితీ నడుస్తోంది.