ఊగే వాష్ బేసిన్‌కి కెమికల్ యాంకర్: చాన్నాళ్లు వాడాక

అద్దె ఫ్లాట్లలో గోడకి వేలాడే బేసిన్ ఊగితే అందరూ ముందు పానా తీసుకుని కింద నట్టు బిగిస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, మళ్లీ ఊగుతుంది. ఎందుకంటే చాలాసార్లు వదులయ్యేది నట్టు కాదు, గోడలో బోల్టుని పట్టుకుని ఉండాల్సిన ప్లాస్టిక్ గిట్టీ. గిట్టీ మార్చడం, తెల్ల సిమెంటు కూరడం, కెమికల్ యాంకర్ (రంధ్రంలో పోస్తే గట్టిపడి బోల్టుని గోడకి అంటిపెట్టే మందు) పోయడం మూడూ వాడి చూశాక, ఇటుక గోడకైతే మూడోదే నా ఓటు. దానికీ కొన్ని షరతులున్నాయి.

మామూలు బేసిన్ బరువు సుమారు పది కిలోలు. అసలు బాధ అది కాదు. ముఖం కడుక్కునేటప్పుడు ముందు అంచు మీద చేతులు ఆనిస్తాం. గోడకి 40 సెం.మీ. దూరంలో 20 కిలోల భారం పడిందనుకోండి. బేసిన్ కింది అంచు గోడకి ఆనే చోటుకి బోల్టులు 15 సెం.మీ. పైన ఉంటే, వాటిని బయటికి లాగే బలం 53 కిలోలవుతుంది. బేసిన్ సొంత బరువు లాగేది దీనికి అదనం. రోజూ ఇలా లాగుతూ వదులుతూ ఉంటే గిట్టీ చుట్టూ ప్లాస్టరు పొడిపొడిగా రాలి, రంధ్రం పెద్దదవుతుంది.

విప్పే ముందే జబ్బు తెలుసుకోవచ్చు. నట్టు తిప్పితే బోల్టు కూడా తిరుగుతుంటే గిట్టీ పోయినట్టే. నట్టు గట్టిగానే ఉండి బేసిన్ మాత్రం కదులుతుంటే వాషర్ నలిగింది, మారిస్తే చాలు. బేసిన్‌తో పాటు టైలు కూడా కదిలినా, వేలితో కొడితే టైలు డొల్లగా మోగినా ఏ బోల్టూ పనిచేయదు. అది ఓనరు చేయించాల్సిన పని. మిగతా రకాల్లోనూ గోడ ముట్టుకునే ముందు ఫొటో తీసి ఆయనకి పంపి, సరేనన్నాకే మొదలుపెట్టడం మంచిది.

యాంగిల్ కాక్ (బేసిన్ కింద గోడకుండే చిన్న కుళాయి) కట్టేసి, కనెక్షన్ పైపు, వేస్ట్ పైపు విప్పాలి. కింద బకెట్ పెట్టుకోండి, వేస్ట్ పైపుకుండే సీసాలాంటి బాటిల్ ట్రాప్‌లో నీళ్లుంటాయి. చుట్టూ ఉన్న సిలికాన్ని బ్లేడుతో కోసి, ఒకరు బేసిన్ పట్టుకుంటే ఇంకొకరు 17 పానాతో నట్లు తీయాలి. దించాక ఒక అట్ట మీద బేసిన్ వెనక రంధ్రాల దూరం సరిగ్గా గుర్తు పెట్టి, ఆ గుర్తుల దగ్గరే అట్టకి బొక్కలు చేయాలి. మందు గట్టిపడ్డాక బోల్టు మిల్లీమీటరు కూడా జరగదు, ఈ అట్టే దాన్ని సరైన చోట నిలబెడుతుంది.

ఎం10 స్టడ్‌కి (10 మి.మీ. మందం, తల లేని మరల బోల్టు) రంధ్రం 12 మి.మీ. వెడల్పు, టైలు పైనుంచి 90 మి.మీ. లోతు. పాత రంధ్రం కాస్త పెద్దదైనా ఫరవాలేదు. అంతకంటే లోతుకి పోతే నాలుగించుల గోడలో అవతలి గది టైలు పగిలే ప్రమాదం ఉంది. స్టడ్ మాత్రం 304 స్టెయిన్‌లెస్‌దే తీసుకోండి. బోరు నీళ్లు తగిలేచోట మామూలు పూత బోల్టు తుప్పు పట్టి నట్టుని పట్టేస్తుంది. 140 మి.మీ. పొడవైతే 50 బయటికి ఉంటుంది, చాలా బేసిన్‌లకి సరిపోతుంది.

ఈ పద్ధతి ఎక్కడ చెడినా కారణం దాదాపు ఒక్కటే, దుమ్ము. రంధ్రంలోకి గాలి కొట్టి, బ్రష్షుతో తోమి, మళ్లీ గాలి కొట్టాలి. ఇది రెండు మూడుసార్లు చేయాలి. లేకపోతే మందు గోడని కాకుండా దుమ్మునే అంటుకుంటుంది. ట్యూబు మూతికి పెట్టే నాజిల్ గొట్టంలోంచి మొదట వచ్చే రెండు రంగుల చారల ముద్దని పారేసి, రంగు ఒకేలా వచ్చాక రంధ్రం అడుగునుంచి మూడింట రెండొంతులు నింపి, స్టడ్‌ని తిప్పుతూ దించాలి. ఎండాకాలంలో నిమిషాల్లోనే బిగుస్తుంది, అందుకని అట్ట, స్టడ్ చేతిలో పెట్టుకునే మొదలుపెట్టాలి. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీ తెరవండి. ట్యూబు మీద రాసినంతసేపూ స్టడ్‌ని ముట్టుకోకూడదు.

బిగించేటప్పుడు సిరామిక్‌కి, లోహానికి మధ్య నైలాన్ వాషర్ తప్పనిసరి. చేత్తో బిగుసుకున్నాక రెండు వైపులా మార్చిమార్చి పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. అంతకు మించితే బేసిన్ రంధ్రం దగ్గర సన్నటి పగులు వస్తుంది, ఆ తర్వాత ఓనరుకి కొత్త బేసిన్ కొనివ్వాల్సిందే. సిలికాన్ న్యూట్రల్ రకం తీసుకుని పైనా, పక్కలా పెట్టండి. కింద వదిలేయాలి, లోపల లీకైతే అక్కడే చుక్క కనిపిస్తుంది.

వాడకంలో తేలిందేమిటంటే, స్టడ్ కదల్లేదు, తుప్పు పట్టలేదు. సిలికాన్ మాత్రం నల్లబడుతుంది, కోసి మళ్లీ పెట్టుకోవాలి. తెల్ల సిమెంటు రోజువారీ కుదుపుకే పగిలిపోతుంది, అది సందులు పూడ్చడానికే తప్ప బరువు మోయడానికి కాదు. కొత్త గిట్టీ కూడా రంధ్రం చెడనంతవరకే. బేసిన్ కింద హాఫ్ పెడెస్టల్ (నేలదాకా రాని సగం స్తంభం) పెట్టిస్తే ఊగదని కొందరు ప్లంబర్లు చెబుతారు గానీ, అది పైపుల్ని కప్పుతుందే తప్ప బరువు మోయదు.

లోటు లేకపోలేదు. రెండు రంధ్రాలకి ట్యూబులో కొంచెమే ఖర్చవుతుంది, నాజిల్‌లో మిగిలింది గడ్డకడుతుంది. అదనపు నాజిల్ ఒకటి కొనుక్కుంటే ట్యూబులో మిగిలిన మందు పక్క ఫ్లాటువాళ్ల బేసిన్‌కి పనికొస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు స్టడ్‌లు ఊడిరావు. గోడ బోలు ఇటుకలదైతే మందు ఖాళీలోకి జారిపోకుండా జాలీ గొట్టం పెట్టాలి. తేలికపాటి ఏఏసీ దిమ్మెల గోడైతే డ్రిల్లు హామర్ మోడ్‌లో అసలు వాడొద్దు. అక్కడ రెండు స్టడ్‌ల మీదే భారం వేయడం కన్నా, నాలుగైదు స్క్రూలతో పట్టే బ్రాకెట్లు కింద పెట్టించడమే మేలు.