వైరుదా, బ్యాటరీదా? డ్రైవ్‌వే మీద స్నో తీయడానికి ఏ మెషీన్ మేలు

స్నో బ్లోయర్ కొనేటప్పుడు అందరూ చూసేది మీ ఊళ్లో ఎన్ని అంగుళాలు పడుతుందని. అంతకంటే ముందు చూడాల్సింది రోడ్డు మీది స్నోను పక్కకి తోసే ప్లో ట్రక్ వెళ్లాక డ్రైవ్‌వే మొదట్లో మిగిలే గట్టు. పైనున్న దూదిలాంటి స్నోను ఏ మెషీనైనా ఎగరేస్తుంది. రోడ్డు మీది ఉప్పూ నీళ్లూ కలిసిన ఆ గట్టును కాసేపు వదిలేస్తే రాయిలా బిగుస్తుంది.

20 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవున్న డ్రైవ్‌వే మీద 6 అంగుళాలు పడిందంటే 500 ఘనపుటడుగులు. మామూలు స్నో అయితే దాదాపు 1400 కిలోలు. న్యూజెర్సీలో తరచూ పడే తడి స్నో అయితే అంతకు రెట్టింపు కూడా ఉండొచ్చు.

వైరు మెషీన్ చవక, తేలిక, ఛార్జింగ్ బెంగ ఉండదు. కానీ 120 వోల్టులు, 15 ఆంపియర్లు అంటే 1800 వాట్లు దాటదు. చెడేది ఎక్కువగా ఎక్స్‌టెన్షన్ వైరు దగ్గరే. ఇంట్లో వాడే సన్నని 16 గేజ్ (గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు మందం) వైరు వేస్తే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. 50 అడుగుల వరకు 14 గేజ్, 100 అడుగులకు 12 గేజ్ కావాలి. చలికి బిగుసుకోని, బయట వాడే రకమే కొనండి. ప్లగ్గు వైపు నుంచి మొదలుపెడితే వైరు తీసేసిన నేల మీదే ఉంటుంది.

సింగిల్ స్టేజ్, అంటే ఒకే రెక్కల చక్రంతో స్నోను తోడి విసిరే, బ్యాటరీ మెషీన్ కొంటే ఆంపియర్ అవర్లను వోల్టులతో గుణించి చూడండి. 56 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అంటే 280 వాట్ అవర్లు. అలాంటివి రెండుంటే 1000 వాట్ల లోడుకు అరగంట చాలా కష్టం మీద వస్తుంది. తడి స్నోకి ఇంకా ముందే అయిపోతుంది. బ్యాటరీలు గరాజ్‌లో కాదు, ఇంట్లో ఉంచండి. సున్నా డిగ్రీల సెల్సియస్ (32 ఫారెన్‌హీట్) కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే పాడవుతుంది. పని అయ్యాక లోపలికి తెచ్చి, చల్లదనం పోయాకే ఛార్జర్‌కి పెట్టండి.

కంకర డ్రైవ్‌వే అయినా, బఫెలో లాంటి భారీగా స్నో పడే ఊరైనా టూ స్టేజే కొనండి. అందులో ఆగర్ అనే మరలాంటి రెక్క స్నోను లోపలికి లాగితే, వెనకున్న ఫ్యాన్ విసురుతుంది. సింగిల్ స్టేజ్ రబ్బరు రెక్కలు నేలను రాసుకుంటూ రాళ్లనూ విసురుతాయి. టూ స్టేజ్‌లో పక్కల ఉండే స్కిడ్ షూలు (నేల మీద జారే పట్టీలు) దించి మెషీన్‌ను ఎత్తుగా ఉంచుకోవచ్చు. ఐసు గడ్డ అడ్డుపడితే కావాలనే బలహీనంగా చేసిన షియర్ పిన్ విరిగి గేర్‌బాక్సును కాపాడుతుంది. దాని బదులు మామూలు బోల్టు బిగిస్తే విరిగేది గేర్‌బాక్సే.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తారు డ్రైవ్‌వే ఉన్న ఇంటికి 21 అంగుళాల బ్యాటరీ సింగిల్ స్టేజ్ సరిపోతుంది. ఒక్క కారు పట్టే చిన్న డ్రైవ్‌వేకి వైరుది చాలు.

స్నో బయటికి వచ్చే గొట్టం, అంటే చ్యూట్‌లో తడి స్నో అంటుకోకుండా ముందే సిలికాన్ స్ప్రే కొట్టండి. అయినా మూసుకుపోతే బ్యాటరీ తీసి, లేదా ప్లగ్ పీకి, మెషీన్‌తో వచ్చిన కర్రతోనే తీయండి. చెయ్యి మాత్రం పెట్టొద్దు. మోటారు ఆగినా, బిగిసిన ఆగర్ అడ్డు తొలగగానే ఒక్కసారి తిరుగుతుంది, వేళ్లు పోయేది అప్పుడే.

గట్టును పారతో పగలగొట్టి, మెషీన్ వెడల్పులో సగం చొప్పున నెమ్మదిగా తినిపించండి. రోడ్డుకి ఎదురుగా నిలబడితే ప్లో ఎడమ నుంచి వస్తుంది. అందుకే స్నోను కుడివైపు పోసి, డ్రైవ్‌వేకి ఎడమన రోడ్డంచున కొంత మేర ఖాళీ చేసి ఉంచండి. తర్వాతి ప్లో తెచ్చిన బరువులో చాలావరకు అక్కడే దించేస్తుంది.