ఎయిర్ కోస్టానా, ట్రూజెట్టా: ఏది మేలు?

చిన్న ఊళ్లకు విమానాలు నడుపుతామని ఎవరో ఒకరు ప్రకటించగానే నాకు వచ్చే ప్రశ్న ఇదే: "వీళ్లదీ కోస్టా బాటేనా, ట్రూజెట్ బాటా?" మన దగ్గర పుట్టి మన కళ్ల ముందే మూతపడిన కంపెనీలు కాబట్టి పోలిక సహజమే.

విజయవాడ ఎయిర్ కోస్టా 2013 అక్టోబరు నుంచి 2017 ఫిబ్రవరి దాకా ఎగిరింది. హైదరాబాద్ ట్రూజెట్ 2015 జులైలో మొదలై 2022 ఫిబ్రవరిలో ఆగింది. ఎక్కువ కాలం బతికిందే మేలు అనేస్తే రెండు ముక్కల్లో తేలిపోతుంది. నా దృష్టిలో అసలు తేడా విమానంలోనే ఉంది.

కోస్టావి ఎంబ్రాయర్ జెట్లు. ఎక్కినవాడికి హాయి: వరసకు అటు రెండు, ఇటు రెండు సీట్లే, మధ్యలో ఇరుక్కునే బాధ లేదు. ట్రూజెట్‌వి ఏటీఆర్ 72లు. రెక్కల కింద ఫ్యాన్లు తిరుగుతుంటే "ఇదేంటి, పాతకాలం విమానమా" అని మొహం చిట్లించినవాళ్లను నేనూ చూశాను. సుఖం మాటే అయితే కోస్టాకే నా ఓటు.

కానీ విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద 275 కిలోమీటర్లు. అంత చిన్న దూరంలో జెట్ పైకెక్కి నిలదొక్కుకునేలోపే దిగే వేళవుతుంది. వేగం అక్కరకు రాదు, ఇంధనం మాత్రం తాగేస్తుంది. ఇక జైపూర్ లాంటి దూరాలకు వెళ్తే జెట్ వేగం పనికొస్తుంది గానీ, పెద్ద నగరాల మధ్య 180 సీట్ల ఎయిర్‌బస్‌లతో తలపడాలి. సీటుకు పడే ఖర్చులో వాళ్లతో పోటీపడటం కష్టం. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

చాలామంది పట్టించుకోని లెక్క ఇంకొకటి ఉంది. గరిష్ఠ టేకాఫ్ బరువు 40 టన్నుల లోపుంటే విమాన ఇంధనంపై అమ్మకం పన్నులో పెద్ద రాయితీ. 80 సీట్ల లోపుంటే ల్యాండింగ్ చార్జీలు లేవు. కోస్టా మొదట తెచ్చిన ఎంబ్రాయర్ ఈ-170లు ఈ గీతల లోపలివే. తర్వాత తెచ్చిన ఈ-190 బరువులోనూ, సీట్లలోనూ గీత దాటేసింది. నా మటుకు కథ మలుపు తిరిగింది అక్కడే. సర్వీసు మొదలై నాలుగు నెలలకే, 2014 ఫిబ్రవరిలో, సింగపూర్ ఎయిర్‌షోలో 50 కొత్త జెట్లకు ఆర్డరిచ్చారు, విలువ దాదాపు 294 కోట్ల డాలర్లు! చివరికి ఆ యాభైలో ఒక్కటీ రాలేదు సరికదా, ఉన్నవాటి లీజు బకాయిల దగ్గరే బండి ఆగింది.

ట్రూజెట్ 23 టన్నుల ఏటీఆర్‌ను వదల్లేదు. 2017 ఏప్రిల్‌లో, చిన్న ఊళ్ల విమానాలకు కేంద్రం సాయమిచ్చే ఉడాన్ పథకం మొదలైన రోజే హైదరాబాద్ నుంచి కడప, నాందేడ్ సర్వీసులు దానివే. తర్వాత కర్ణాటకలోని విద్యానగర్, బీదర్ కూడా వచ్చాయి. పెద్ద కంపెనీలు అప్పట్లో తొంగిచూడని ఊళ్లవి. రామ్‌చరణ్ ప్రచారం వల్లే నడిచిందనేవాళ్లున్నారు. పోస్టర్ చూసి ఒకసారి ఎక్కుతారేమో, వారంవారం ఎక్కరు కదా.

దానికీ లోపం లేకపోలేదు. ఉడాన్ సాయం ఒక రూటుకు మూడేళ్లే. ఆలోగా ఆ రూటు తన కాళ్ల మీద తాను నిలబడాలి. సరిగ్గా ఆ గడువు దగ్గరపడే వేళకే కోవిడ్ వచ్చిపడింది. జీతాలు ఆగాయి, విమానాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

చెన్నై పారామౌంట్ ఎయిర్‌వేస్ గురించీ అడుగుతారు. అవీ ఎంబ్రాయర్లే, 2005లో మొదలై 2010లో ముగిశాయి. ఈ-170, 175లతో 40 టన్నుల గీత లోపలే ఉన్నారు, అది తెలివైన పని. విమానాలు లీజుకిచ్చినవాళ్లతో గొడవలు మాత్రం తప్పలేదు. పాత వాయుదూత్ విమాన సంస్థ ప్రభుత్వానిది, ఆ లెక్కలు వేరు.

అడిగినవాళ్లకు నా జవాబు ట్రూజెట్టే. కంపెనీ మునిగింది గానీ విమానం ఎంపిక తప్పు కాలేదు. అది ఆగిన మరుసటి నెలలోనే, 2022 మార్చిలో, కడపలో ఇండిగో దిగింది. తెచ్చింది ఏటీఆర్‌నే.